పటేలు మోకాలు

గుమ్మడిదల దారిలో మందుల ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా ఉన్న బక్కమ్మ చాయ్ హోటల్‌లో ఆ రోజు మిర్చీలు చల్లారిపోయాయి. తినేవాళ్లు లేక కాదు, నోళ్లు ఖాళీ లేక. ఎ బ్యాచ్ వాలీబాల్ జట్టు కెప్టెన్ యాదన్న మతి ఉండే ఆ పని చేశాడా, పోయి చేశాడా అన్నది తేలితే గానీ ఎవరూ మిర్చి ముట్టుకునేలా లేరు.

యాదన్న చేసిన పని అలాంటిది మరి. తన జట్టులోని దశరథ్‌ను తీసుకెళ్లి బి బ్యాచ్‌కి ఇచ్చేశాడు. దశరథ్‌కి ఇంకా పాతికేళ్లు నిండలేదు. వాడు నెట్ దగ్గర గాల్లోకి లేచాడంటే అవతలివాళ్లు బంతి సంగతి వదిలేసి తమ మొహాలు కాపాడుకుంటారు. అలాంటివాణ్ణి ఇచ్చి తెచ్చుకున్నది ఎవరినయ్యా అంటే, నర్సింహులును. రిటైర్మెంట్ వాకిట్లో నిలబడ్డ మనిషి. ముందు బొజ్జ నడుస్తుంది, దాని వెనక ఆయన నడుస్తాడు. అది చాలదన్నట్టు ఏడాదిగా ఎడమ మోకాలు పట్టేసి కుంటుతున్నాడు. ఊళ్లో భూములున్న ఇంటివాడు కనక ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని పటేలు అనే పిలుస్తారు. అందులో సగం మర్యాద, సగం ఎగతాళి.

అందరికంటే ఎక్కువ మండిపోతున్నవాడు శ్రీశైలం. ఎ బ్యాచ్‌లో ప్యాకింగ్ పని. జన్మలో బంతి ముట్టుకోలేదు గానీ ఆట గురించి మాట్లాడటంలో అతన్ని మించినవాడు లేడు. దశరథ్‌ను ఇవ్వడమే తప్పు, సరే ఇచ్చావు, బదులుగా పటేలుతో పాటు బి బ్యాచ్ సుధీర్‌నీ, వాళ్ల కొత్త నెట్‌నీ, కనీసం గాలి నింపే పంపునైనా అడగొద్దా అని అతని బాధ. బేరం చేయడం చేతకానివాడికి కెప్టెన్సీ దేనికని బల్ల గుద్దాడు. గేటు దగ్గర సెక్యూరిటీ చేసే సత్తయ్య మాత్రం ఎ బ్యాచ్‌కే లాభమని తీర్పు చెప్పాడు. తూకం వేస్తే పటేలు ఒక్కడు ఇద్దరు దశరథ్‌లకి సమానం, ఇంకేం కావాలి అని ఆయన లెక్క. ఈ తీర్పుకి శ్రీశైలం ఒక పూట ఆయనతో మాట్లాడలేదు.

ఇక్కడ ఆటగాణ్ణి మార్చుకోవడమంటే సామాన్యమైన సంగతి కాదు. ఫ్యాక్టరీలో మూడు బ్యాచ్‌లున్నాయి. షిఫ్టు వారం వారం మారుతుంది, బ్యాచ్ మాత్రం మారదు. ఎవడు ఏ బ్యాచ్‌లో పడితే వాడి తిండీ నిద్రా తగువులూ అన్నీ ఆ బ్యాచ్‌తోనే. ఏ బ్యాచ్ జట్టులో ఆ బ్యాచ్ వాళ్లే ఆడాలి. బ్యాచ్ మారాలంటే ఒకే పని చేసే ఇద్దరు ఒకరి స్థానంలోకి ఒకరు వెళ్తామని కలిసి సంతకాలు పెట్టాలి. దాన్నే మ్యూచువల్ అంటారు. దశరథ్‌దీ పటేలుదీ గోదాములో డ్రమ్ములెత్తే పని. ఎ బ్యాచ్ గోదాములో పటేలుకి సరిజోడు దశరథ్ ఒక్కడే. అంటే పటేలు కావాలంటే దశరథ్‌ను వదులుకోవాల్సిందే. యాదన్న ముందున్న దారి అదొక్కటే, ఆయన దాన్నే పట్టుకున్నాడు.

ఎందుకు పట్టుకున్నాడో తెలియాలంటే యాదన్న కథ కొంచెం వెనక్కి తిప్పాలి.

యాదన్నదీ పటేలుదీ ఒకే ఊరు. యాదన్న తండ్రి పటేలు వాళ్లింట్లో జీతం ఉన్నాడు. ఏడాదికింతని గింజలు కొలిపించుకుని వాళ్ల పొలం దున్నేవాడు. నర్సింహులు తండ్రి పెద్దపటేలు గట్టు మీద కూర్చుంటే యాదన్న తండ్రి గట్టు కింద నిలబడి మాట్లాడేవాడు. ఆ ఇద్దరి కొడుకులూ మాత్రం బడి వెనక జాగాలో రెండు కర్రలు పాతి, చేపల వలను నెట్‌గా కట్టి వాలీబాల్ ఆడారు. నర్సింహులు బంతిని లేపేవాడు, యాదన్న కొట్టేవాడు. పటేలు కొడుకు అందిస్తే జీతగాడి కొడుకు కొట్టడమేమిటని కొందరు పెద్దలకి కడుపు మండింది. అయితే చుట్టుపక్కల ఏ ఊరి జట్టూ వీళ్ల ముందు నిలవడం లేదు కాబట్టి మండే కడుపుతోనే వచ్చి ఈలలు వేసేవాళ్లు.

తర్వాత చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. బోర్లలో నీళ్లు రంగు మారాయి, పటేలు వాళ్ల పొలం సగం ప్రహరీగోడల వెనక్కి పోయింది. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో చేరారు. యాదన్న పట్టుబట్టి బాయిలర్ పరీక్ష పాసై ఎ బ్యాచ్‌లో ఆపరేటర్ అయ్యాడు. పటేలు బి బ్యాచ్ గోదాములో పడ్డాడు. అంతే. ఒకడు లోపలికి వచ్చేటప్పుడు ఇంకొకడు బయటికి పోతాడు. గేటు దగ్గర కార్డు కొట్టే మిషన్ ముందు ఎదురుపడేవాళ్లు. తిన్నవా పటేలా అని యాదన్న అడిగేవాడు, తిన్న, నువ్వు అని పటేలు అడిగేవాడు. వెనక లైను తోస్తుంటే ఇద్దరూ చెరో వైపుకి కొట్టుకుపోయేవాళ్లు. జుట్లు నెరిసేదాకా వాళ్ల మధ్య నడిచిన మాటలు అవే. ఊళ్లో కలుద్దామంటే ఒకరి నిద్రవేళ ఇంకొకరి డ్యూటీవేళ. యాదన్న ఆడటం మానేశాడు గానీ కెప్టెన్ పదవి మాత్రం పట్టుకుని వేలాడాడు.

వచ్చే వేసవికి ఇద్దరికీ రిటైర్మెంట్. ఈ మిగిలిన రోజులైనా పటేలు పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా విప్పాలి. యాదన్న కోరిక ఇంతే. ఈ కోరిక జట్టుకి చెబితే నవ్విపోతారని ఆయనకి తెలుసు. ముసలితనంలో దోస్తు కోసం దశరథ్‌ను ఇచ్చాడని తెలిస్తే శ్రీశైలం ఊరుకుంటాడా? అందుకని యాదన్న తనకి చిన్నప్పటినుంచీ బాగా వచ్చిన విద్యని నమ్ముకున్నాడు. కోతలు కోయడం.

మొదటి కోత దశరథ్‌కి కోశాడు. బి బ్యాచ్ కెప్టెన్ రాజశేఖర్ నీ గురించి ఏమన్నాడో తెలుసా, వాడిది చప్పుడే తప్ప ఆట కాదు, మా జట్టులో అయితే బంతులు మోయనీకి కూడా పెట్టుకోనన్నాడు అని చెప్పాడు. వయసులో ఉన్న రక్తం కదా, దశరథ్ అక్కడికక్కడే పోయి వాళ్ల జట్టులోనే ఆడి చూపిస్తానని బయల్దేరాడు. రెండో కోత రాజశేఖర్‌కి. మీ జట్టంటే పిల్లగాడు పడి చస్తున్నాడు, కుంటివాణ్ణి ఒకణ్ణి వదిలించుకున్నట్టూ ఉంటుంది, ఆలోచించుకో అన్నాడు. రాజశేఖర్ ఆలోచించుకోనేలేదు. పటేలు దగ్గరికి కాగితం తీసుకెళితే ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు. యాదన్న ఆ తొందర చూసి, పాపం బి బ్యాచ్‌లో విసిగిపోయి ఉంటాడనుకున్నాడు.

ఆ తర్వాత తన జట్టుకి సంజాయిషీలు చెప్పాలి గదా. పటేలు దగ్గర బి బ్యాచ్ గుట్లన్నీ ఉన్నాయని శ్రీశైలానికి చెప్పాడు. దశరథ్ ఎలాగూ పటాన్‌చెరులో వేరే కంపెనీకి పోయేవాడేనని సత్తయ్య చెవిలో వేశాడు. ఇంకొకడికి, దశరథ్ జాతకంలో ఈ దసరాకి కాలు విరిగే గండం ఉందన్నాడు. ముగ్గురూ ఒకేసారి బక్కమ్మ హోటల్‌లో కలవకపోతే ఏ గొడవా లేకపోయేది. కలిశారు. ఒకడి మాట ఇంకొకడి మాటతో పోల్చుకున్నారు. ఇదీ ఆ రోజు మిర్చీలు చల్లారిపోయిన కథ. మూడూ నిజమేనని యాదన్న మొహం చెదరకుండా చెప్పి చాయ్ తాగి వెళ్లిపోయాడు.

దసరా ముందు ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మిషన్లకి బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఫ్యాక్టరీ వెనక మైదానంలో బ్యాచ్‌ల మధ్య పోటీ పెడతారు. గెలిచిన బ్యాచ్‌కి పొట్టేలు. సి బ్యాచ్ సంగతి చెప్పుకోవడం దండగ, వాళ్లు పొట్టేలును దగ్గర్నించి చూడటానికే వస్తారు. ఫైనల్ ఎప్పుడూ ఎ, బి బ్యాచ్‌లదే. ఆ ఏడాది పొట్టేలు నల్లగా, కొమ్ములు తిరిగి, చూడగానే నోరూరేలా ఉంది. శ్రీశైలం పొద్దున్నుంచీ దానికి ఆకులు తినిపించాడు.

ఆట మాత్రం చూడ్డానికి కష్టమైంది. దశరథ్ రాజశేఖర్ మీద కసినంతా ఎ బ్యాచ్ మీద తీర్చుకున్నాడు. ఇటు పటేలు కుడికాలు ఈడ్చుకుంటూ బంతి కిందికి చేరేలోపు బంతి నేల మీద కూర్చునేది. చేరినప్పుడు మాత్రం ఆయన చేతుల్లోంచి పువ్వులా లేచింది, కానీ దాన్ని కొట్టే దశరథ్ నెట్‌కి అవతల ఉన్నాడు. ఎ బ్యాచ్ చిత్తుగా ఓడింది. బి బ్యాచ్ వాళ్లు పొట్టేలును భుజాల మీద ఎత్తుకుని ఎగురుతుంటే, దాని నోట్లో శ్రీశైలం పెట్టిన ఆకు ఇంకా అలాగే ఉంది. అతను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు.

ఆ రోజు నుంచి యాదన్నకి చాయ్ హోటల్‌లో బెంచీ మీద చోటు ఇచ్చినవాడు లేడు. యాదన్న కనపడితే చాలు ఎవడో ఒకడు మే అని అరిచేవాడు. దసరా సెలవులయ్యాక కెప్టెన్సీ ఊడబీకాలని తీర్మానం కూడా అయింది.

యాదన్నకి ఇవన్నీ చెవికెక్కలేదు. ఎందుకంటే తిండివేళ గోదాము అరుగు మీద పటేలు పక్కన ఉన్నాడు. పటేలు డబ్బాలోంచి చింతచిగురు పప్పు, యాదన్న డబ్బాలోంచి భార్య ఆగమ్మ చేసిన ఎండుచేపల పులుసు. ఊళ్లో ఒక గడప దాటి ఇంకో గడపకి రాని కూరలు ఇక్కడ ఒకే డబ్బా మూతలో కలిశాయి. పటేలు చేపముల్లు చప్పరిస్తూ చిన్నప్పటి మ్యాచ్‌లన్నీ మళ్లీ ఆడేవాడు, మొత్తం బ్యాచ్ చుట్టూ చేరి పడీ పడీ నవ్వేది. శ్రీశైలం కూడా కోపం మీదే ఉండి, కొంచెం దూరంగా కూర్చుని, మొహం అటు తిప్పుకుని నవ్వేవాడు. యాదన్నకి ఆ అరగంట కోసమే ఆ ఎనిమిది గంటలూ గడిచేవి. ఎంత సంతోషంగా ఉన్నాడంటే, ఒకసారి బాయిలర్ దగ్గర తనలో తాను నవ్వుకుంటుంటే సూపర్‌వైజర్ వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

దసరా దాటాక ఒక మధ్యాహ్నం, షిఫ్టు మారే వేళ, బి బ్యాచ్ మొత్తం బయటికి వచ్చి సరాసరి బక్కమ్మ హోటల్‌లోకి దిగింది. ఎ బ్యాచ్ వాళ్లు లోపలికి పోయే ముందు అక్కడే చాయ్ తాగుతున్నారు. రాజశేఖర్ ముందుకొచ్చాడు. వెనక దశరథ్ తల వంచుకుని నిలబడ్డాడు.

రాజశేఖర్ సుత్తి లేకుండా చెప్పాడు. "యాదన్నా, దశరథ్‌ను వాపస్ తీస్కో. మా పటేలును మాకియ్యి."

విషయం మెల్లగా బయటపడింది. గెలిచిన పొట్టేలును వండేది ఏటా పటేలే. ఈసారి ఎ బ్యాచ్ మనిషిని అడగడం నామోషీ అనుకుని రాజశేఖర్ తానే గరిటె పట్టాడు. అడుగంటిపోయిన కూరని కుక్కలు కూడా వాసన చూసి వదిలేశాయి. అది ఒక రోజు బాధ. అసలు బాధ రోజూ ఉంది. పటేలు పోయాక బి బ్యాచ్‌లో నవ్వు పోయింది. ఫ్యాను ఎవరి వైపు తిప్పాలని ఒక తగువు, డ్రమ్ము ఎవరు ముందు ఎత్తాలని ఇంకో తగువు. ఇదివరకు ఇలాంటివి పటేలు ఒక్క వెటకారంతో తీర్చేవాడు. ఇప్పుడు తీర్చేవాడు లేక ఎవడి డబ్బా వాడు గోడ వైపు తిరిగి తింటున్నాడు. దశరథ్ ఎంత కొట్టినా ఆ గోడకి కన్నం పడలేదు.

శ్రీశైలం తొడ చరిచాడు. పొట్టేలు పోతే పోయింది, కనీసం మనిషి వాపస్ వస్తున్నాడు. జల్దీ ఒప్పుకో అన్నా, మళ్లీ వాళ్ల మనసు మారుతుందని యాదన్న చొక్కా పట్టి లాగాడు. బ్యాచ్ మొత్తం అదే మాట. న్యాయం ఇన్నాళ్లకి చాయ్ హోటల్‌కి నడిచి వచ్చిందని సత్తయ్య కూడా ఒప్పుకున్నాడు.

యాదన్న లోలోపల లెక్క వేసుకున్నాడు. సరే అంటే పటేలు మళ్లీ గేటు దగ్గర తిన్నవా దాకానే. కాదంటే ఎందుకో చెప్పాలి. ఏదో ఒక కోత కోద్దామని నోరు తెరిచాడు. జాతకం గుర్తొచ్చింది. దసరా దాటిపోయింది, కాలు విరగలేదు. ఆయన వెతుక్కుంటూ ఉండగానే దశరథ్ తలెత్తి రాజశేఖర్ వైపు తిరిగాడు.

"చప్పుడే తప్ప ఆట లేదన్నవంట గద నన్ను. పొట్టేలు తెచ్చి ఇచ్చినంక గూడ వాపస్ ఇస్తున్నవా?"

తాను ఎప్పుడన్నానని రాజశేఖర్ తెల్లబోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, తర్వాత నెమ్మదిగా యాదన్న వైపు తిరిగారు. హోటల్లో ఉన్న కళ్లన్నీ తిరిగాయి. బక్కమ్మ మూకుట్లో గరిటె ఆపింది.

యాదన్న చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. జీవితంలో మొదటిసారి ఆయనకి అబద్ధం దొరకలేదు.

"నేనే అన్న," అన్నాడు. "ఆయన అనలే, నేనే పుట్టించిన. నాకు పటేలు కావాలె. ఆటకు గాదు. పక్కన కూసొని తిననీకి. ఇన్నేండ్ల సంది గేటు కాడ తిన్నవా అని అడుగుడే అయింది. ఇంకొన్ని దినాలైతే అది గూడ ఉండది."

ఎవరూ మే అనలేదు. శ్రీశైలం నోరు తెరిచి, పొట్టేలు పోయింది టిఫిన్ డబ్బా కోసమా అని తనలో తాను గొణుక్కుని, మళ్లీ మూసుకున్నాడు. దశరథ్ చాలాసేపు చెప్పు కొసతో నేల గీరాడు.

"అడిగితే పోయేటోణ్ణి గదనే," అన్నాడు చివరికి.

యాదన్నకి తల కొట్టేసినట్టయింది. పిల్లవాడి మొహంలోకి చూడలేకపోయాడు. అడగొచ్చు అన్న సంగతే తనకి తట్టలేదని అప్పుడు అర్థమైంది. జీతగాడి ఇంట్లో పుట్టినవాడికి ఏదైనా కావాలంటే ఎత్తు వేసి సాధించుకోవడమే తెలుసు, నోరు తెరిచి అడగడం ఎవరూ నేర్పలేదు.

అప్పుడు గానీ అందరికీ పటేలు గుర్తు రాలేదు. ఆయన మూలబెంచీ మీద కూర్చుని మిర్చి తింటున్నాడు. ఎంత గొడవ జరిగినా తిండి ఆపనివాడు ఆయనొక్కడే. రాజశేఖర్ కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు. ఎంతమంది ఎన్ని అనుకున్నా మ్యూచువల్ మీద పటేలు సంతకం లేకపోతే అది చెల్లదు. పటేలు చేతులు కాగితానికే తుడుచుకున్నాడు. నూనె మరకలు చూసి రాజశేఖర్ నిట్టూర్చాడు.

"నన్ను ఇస్తున్నరు, తెస్తున్నరు. నన్నెవడన్న అడిగిండా?" అన్నాడు పటేలు తాపీగా, తర్వాత యాదన్న వైపు గడ్డం చూపించాడు. "ఏడాది సంది కుంటిన. ఆటకు పనికి రాడని మీరు వదిలేస్తే గప్పుడన్న వీని బ్యాచ్‌ల పడ్తనేమోనని. మళ్ల మీ దాంట్లకొస్తే మళ్ల కుంటాలె. నాతోని గాదు."

మాట అర్థం కావడానికి అందరికీ కొంచెం సమయం పట్టింది. ముందుగా అర్థమైంది బక్కమ్మకే, ఎందుకంటే ఆమెకి ఎప్పుడో తెలుసు. ఎండాకాలం ఎడమకాలు కుంటేవాడు, వానలు పడ్డాక కుడికాలు కుంటాడు, చాయ్ పోసేదాన్ని నాకెందుకని ఊరుకున్నానని గరిటె మళ్లీ తిప్పింది.

యాదన్న ఉన్నచోటే కూర్చుండిపోయాడు. ఎంత తెలివిగా పటేలును తెచ్చుకున్నానని ఇన్నాళ్లూ లోలోపల పొంగిపోయాడు. ఆ కాగితం చదవకుండానే పటేలు సంతకం ఎందుకు పెట్టాడో ఇప్పుడు తెలిసింది. తాను కోతలు మొదలుపెట్టక ముందే, అవతల గోదాములో ఈ మనిషి తన కోసం ఏడాదిగా కాలు ఈడుస్తున్నాడు. యాదన్న కళ్లు నిండాయి. తువ్వాలు అందక చొక్కా చేతితోనే తుడుచుకున్నాడు.

సైరన్ మోగింది. కార్డు కొట్టకపోతే సగం పూట జీతం పోతుంది. పటేలు లేచి, మిగిలిన మిర్చి నోట్లో వేసుకుని, రోడ్డు దాటి గేటు వైపు పరుగెత్తాడు. బొజ్జ ముందు, ఆయన వెనక, రెండు కాళ్లూ శుభ్రంగా. యాదన్న వెంట పడ్డాడు. ఆయన వెనక ఎ బ్యాచ్ మొత్తం పడింది. శ్రీశైలం పరుగెత్తుతూ పరుగెత్తుతూ సగం రోడ్డు మీద ఠక్కున ఆగిపోయాడు.

"పటేలా, అయితే ఫైనల్ నాడు?" అని వెనక నుంచి పిలిచాడు.

పటేలు ఆగలేదు. మిషన్ దగ్గర కార్డు కొట్టి, యాదన్న కోసం పక్కకి జరిగి నిలబడ్డాడు. యాదన్న కార్డు కొట్టాడు. ఈసారి ఇద్దరూ ఒకే వైపుకి నడిచారు. కొంతదూరం పోయాక యాదన్న వెనక్కి చూసి, శ్రీశైలం వినడం లేదని రూఢి చేసుకుని, అదే ప్రశ్న మెల్లగా అడిగాడు.

"గా దినం నిజంగనే పట్టిందిరా," అన్నాడు పటేలు.

యాదన్న ఆయన మొహం పరీక్షగా చూశాడు. ఇన్నేళ్లు కోతలు కోసినవాడికి ఎదుటివాడి కోత ఇట్టే తెలిసిపోవాలి. తెలియలేదు. మళ్లీ అడగబోయి, ఎందుకులే అనుకుని, డబ్బాలో ఏం తెచ్చావని అడిగాడు.